రచనా కోర్సుకి అసైన్‌మెంట్లు తయారుచేస్తున్నాను: ఒక సెమిస్టర్ డైరీ

సెమిస్టర్ మొదలయ్యే ముందు

ఈసారి డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల రచనా కోర్సు నా చేతికొచ్చింది. సిలబస్‌లో దీని గురించి ఉన్నది రెండు లైన్లే. నాలుగు అసైన్‌మెంట్లు ఉండాలి, చివరిది ఆధారాలు చూపిస్తూ రాసిన వ్యాసం కావాలి. మిగతాదంతా టీచర్ ఇష్టం. ఇష్టం అని రెండు ముక్కల్లో తేల్చేశారు గానీ, అసలు పనంతా అక్కడే ఉంది.

పాత ఫైలు తిరగేశాను. "సామాజిక మాధ్యమాలు: లాభనష్టాలు", "దేశ ప్రగతిలో యువత పాత్ర", "పర్యావరణ పరిరక్షణ". ఈ ప్రశ్నలు చూడగానే రాబోయే జవాబులు కూడా కనిపించేస్తాయి. "నేటి ఆధునిక సమాజంలో" అని మొదలై "కావున మనమందరం" అంటూ ముగుస్తాయి. దానికి పిల్లల్ని అని లాభం లేదు. ఎవరి కోసం రాయాలో ప్రశ్న చెప్పలేదు, ఎందుకు రాయాలో చెప్పలేదు, ఏం చూసి రాయాలో చెప్పలేదు. అలాంటప్పుడు ఎవరైనా పదో తరగతిలో బట్టీ పట్టిన వ్యాసాన్నే బయటికి తీస్తారు.

ఈ ఇబ్బంది ఇవాళ్టిది కాదు. హార్వర్డ్‌లో 1885లో మొదటి ఏడాది వాళ్ళకి 'ఇంగ్లీష్ ఎ' అనే రచనా కోర్సు పెట్టినప్పటి నుంచీ టీచర్లు ఏం రాయించాలా అని తల పట్టుకుంటూనే ఉన్నారు. అంతకుముందే, 1866లో, అలెగ్జాండర్ బెయిన్ అనే స్కాట్లాండ్ పండితుడు రచనని వర్ణన, కథనం, వివరణ, ఒప్పించడం లాంటి రకాలుగా విడగొట్టాడు. ఆ విభజన పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. "ఒక వర్ణనాత్మక వ్యాసం రాయండి" లాంటి ప్రశ్నలు దాని సంతానమే. బయట ప్రపంచంలో వర్ణన కోసం వర్ణన రాసేవాళ్ళు ఎంతమంది? ఇల్లు అద్దెకిచ్చే మనిషి గదిని వర్ణిస్తాడు, అదే గదిలో దొంగతనం జరిగితే పోలీసూ వర్ణిస్తాడు. గది ఒకటే, రాత వేరు.

అందుకని నా ప్రశ్నలకి ఒక షరతు పెట్టుకున్నాను. ఎవరికి, ఎందుకు, దేని ఆధారంగా: ఈ మూడూ ప్రశ్నలోనే ఉండాలి. మూడింట్లో ఒకటి లేకపోయినా ఆ ప్రశ్న క్లాసుకి వెళ్ళదు.

వరస కూడా ఆలోచించాను. కళ్ళతో చూసింది రాయడం, చదివింది చెప్పడం, ఒకరిని ఒప్పించడం, నలుగురి మాటలు పోగుచేసి తన మాట చెప్పడం. నాలుగో శతాబ్దంలో ఆఫ్తోనియస్ అనే గ్రీకు గురువు పిల్లల కోసం 14 రచనాభ్యాసాలు వరసగా పెట్టాడు. నీతికథతో మొదలై, ఒక చట్టాన్ని సమర్థించడమో ఖండించడమో చేయడంతో ముగుస్తాయి. ముందు దాంట్లో నేర్చుకున్నది తర్వాతి దాంట్లో పనికొస్తుంది. ఆ అభ్యాసాలు నాకు అక్కర్లేదు, ఆ మెట్ల వరస మాత్రం తీసుకున్నాను.

ఇక లెక్క. క్లాసులో 40 మంది. ఒక్కో పేపరుకి 20 నిమిషాలు వేసుకున్నా ఒక విడత దిద్దడానికి 13 గంటలు దాటుతుంది. నాలుగు అసైన్‌మెంట్లు, ఒక్కోదానికి రెండు డ్రాఫ్టులు అంటే వంద గంటల పైమాటే. కాబట్టి మొదటి డ్రాఫ్ట్ పిల్లలు ఒకరిదొకరు చదువుతారు, రెండోదే నా బల్ల మీదకి వస్తుంది. ఇది పద్ధతి మీద ప్రేమతో తీసుకున్న నిర్ణయమని చెప్పుకోవచ్చు గానీ, సగం కారణం ఈ లెక్కే.

మొదటి అసైన్‌మెంట్: చూసింది రాయడం

ప్రశ్న ఇలా తేలింది: "క్యాంపస్‌లో ఒక చోట అరగంట కూర్చుని, కనిపించింది, వినిపించింది నోట్స్ రాసుకోండి. రేపు ఒక కొత్త విద్యార్థి అక్కడికి మొదటిసారి వచ్చి ఒక పని చేసుకోవాలి. ఆ పని ఏమిటో మీరే నిర్ణయించండి. అతనికి ఉపయోగపడేలా ఆ చోటు గురించి 500 నుంచి 600 మాటల్లో రాయండి."

మాటల సంఖ్య ఎందుకంటే, "మేడమ్, ఎన్ని పేజీలు?" అనే ప్రశ్న తప్పదు. పేజీలు చెప్తే చేతిరాత పెద్దదవుతుంది.

డ్రాఫ్టులు వచ్చాయి. ఒకటి ఇలా మొదలైంది: "గ్రంథాలయం విజ్ఞాన భాండాగారం. మా కళాశాల గ్రంథాలయంలో ఎల్లప్పుడూ ప్రశాంత వాతావరణం నెలకొని ఉంటుంది. విద్యార్థులు ఎంతో శ్రద్ధాసక్తులతో అధ్యయనం చేస్తూ ఉంటారు." చదివి పక్కన పెట్టబోతూ, ఆ అమ్మాయి నోట్స్ కూడా అడిగి తెప్పించుకున్నాను. అందులో ఇలా ఉంది: "కిటికీ పక్క బల్ల. ఫ్యాన్ గాలి తగలదు. ముగ్గురు వచ్చి కూర్చుని లేచిపోయారు. కౌంటర్ దగ్గరాయన పుస్తకం ఇచ్చే ముందు వెనక అట్ట తెరిచి చూస్తాడు. చినిగి ఉంటే మన పేరు పక్కన రాస్తాడు. లేకపోతే తిరిగిచ్చేటప్పుడు మన మీద పడుతుంది."

ఇంత చక్కగా చూసిన మనిషి వ్యాసం దగ్గరికొచ్చేసరికి భాండాగారం దగ్గర మొదలెట్టింది. నోట్స్ అంటే తనకోసం రాసుకున్నది, వ్యాసం అంటే మార్కుల కోసం రాసేది అనే గీత వాళ్ళ మనసులో అంత గట్టిగా ఉంది. మిగతా నోట్స్ కూడా తెప్పించి చూశాను. చాలావాటిలో ఇదే తంతు.

ప్రశ్నకి ఒక వాక్యం కలిపాను: "నోట్స్ కూడా వ్యాసంతో పాటు జతచేయాలి. నోట్స్‌లోని కనీసం అయిదు వివరాలు వ్యాసంలో కనపడాలి." ఆ అమ్మాయి రెండో డ్రాఫ్ట్ మొదలు ఇది: "కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది కదా అని కూర్చోకు. అక్కడ ఫ్యాన్ గాలి తగలదు, అందుకే అది ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. పుస్తకం తీసుకునేటప్పుడు వెనక అట్ట నువ్వు కూడా చూసుకో." విజ్ఞాన భాండాగారం ఎటుపోయిందో తెలీదు. నేను "క్లుప్తంగా రాయండి, సహజంగా రాయండి" అని గొంతు చించుకున్నా ఇది వచ్చేది కాదు. ఎవరికి చెప్తున్నారో స్పష్టంగా ఉంటే భాష దానంతటదే దారికొస్తుంది.

దిద్దడం గురించి ఒక ముక్క

ఎర్ర ఇంకుతో ప్రతి ఒత్తూ దీర్ఘమూ దిద్దితే పిల్లలు చూసేది మార్కులొక్కటే. 1983లో రిచర్డ్ హాస్వెల్ అనే అమెరికన్ అధ్యాపకుడు ఒక పద్ధతి రాశాడు. తప్పున్న లైను పక్కన మార్జిన్‌లో ఒక చిన్న టిక్ పెట్టాలి, అంతే. తప్పు ఏమిటో చెప్పకూడదు. విద్యార్థే వెతికి దిద్దుకోవాలి. అలా ఇస్తే సగానికి పైగా తప్పులు వాళ్ళే పట్టుకుంటున్నారని అతని అనుభవం.

ఇక్కడా పనిచేస్తోంది. లకి ళ, నకి ణ, ఒత్తు వదిలేయడం, ఇలాంటివి టిక్ చూడగానే దొరికిపోతున్నాయి. అవి తెలియక చేసినవి కావు, తొందరలో పడ్డవి. దొరకనివి వేరే జాతి. వాక్యం మొదట్లో ఒక కర్త, నాలుగు 'చేసి', 'వెళ్ళి', 'చూసి'ల తర్వాత క్రియ ఇంకెవరిదో. "లైబ్రరీకి వెళ్ళి పుస్తకం అడిగి కౌంటర్‌లో లేదని చెప్పారు." వెళ్ళింది ఒకరు, చెప్పింది ఒకరు. ఈ రకం క్లాసులో బోర్డు మీద రాసి విడగొట్టాల్సిందే. కాబట్టి టిక్ పద్ధతి వల్ల నాకు మిగిలిన సమయం బోర్డుకి వెళ్ళిపోయింది. అది మంచి బేరమే.

రెండో అసైన్‌మెంట్: చదివింది చెప్పడం

ఒక అభిప్రాయ వ్యాసం ఇచ్చి 150 మాటల్లో సారాంశం, 300 మాటల్లో స్పందన రాయమన్నాను. సారాంశానికి షరతు: మూల రచయిత చదివితే "అవును, నేనన్నది ఇదే" అని ఒప్పుకోవాలి. స్పందనలో ఎంతైనా తిట్టుకోవచ్చు.

సారాంశం ఇప్పుడు చాట్‌బాట్‌కి చిటికెలో పని. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఈ అసైన్‌మెంట్‌ని ఇంటికిచ్చి పంపడమంటే దాన్ని ఒక యంత్రానికి ఇచ్చి పంపినట్టే. మెషీన్ రాసిందా మనిషి రాశాడా అని పట్టిచ్చే సాఫ్ట్‌వేర్ల మీద నాకు నమ్మకం లేదు. సొంతంగా రాసుకున్న పిల్లల మీద కూడా అవి వేలు చూపిస్తాయి, ఆ తర్వాత టీచరుకీ విద్యార్థికీ మధ్య మిగిలేది అనుమానమే. అందుకని సారాంశం క్లాసులో, చేత్తో, 40 నిమిషాల్లో. స్పందన ఇంట్లో. స్పందనలో క్లాసులో జరిగిన చర్చలోంచి ఒక మాట తీసుకుని దానికి జవాబివ్వాలి. ఆ రోజు క్లాసులో లేని యంత్రానికి అది కొంచెం కష్టం.

పరీక్షించే తీరు కూడా ఉంది. సగం క్లాసుకి ఒక వ్యాసం, మిగతా సగానికి ఇంకోటి. సారాంశాలు అటూ ఇటూ మార్చి, "మూల రచయిత ప్రధానంగా ఏమంటున్నాడు, ఒక్క వాక్యంలో రాయి" అన్నాను. ఒక కుర్రాడి సారాంశం చదివిన స్నేహితుడు మూలానికి పూర్తి వ్యతిరేకమైన వాక్యం రాశాడు. ఇద్దరూ కాసేపు గట్టిగానే వాదించుకున్నారు. తీరా చూస్తే, మూల రచయిత "కొందరు ఇలా అంటారు" అని ఎదుటివాళ్ళ వాదన పెట్టిన పేరాని మనవాడు రచయిత సొంత అభిప్రాయంగా రాసేశాడు. ఎవరి మాట ఎవరిదో చెప్పడం ఎంత ముఖ్యమో నేను గంట పాఠం చెప్పినా అంత బాగా ఎక్కదు.

ఆ మర్నాడు ఒక చిన్న కసరత్తు పెట్టాను. సారాంశంలో "చెప్పారు" అన్న ప్రతిచోటా దాన్ని కొట్టేసి, రచయిత నిజంగా ఏం చేస్తున్నాడో రాయాలి: ఒప్పుకుంటారు, అనుమానిస్తారు, గుర్తుచేస్తారు, కొట్టిపారేస్తారు. అంతే, రెండో అసైన్‌మెంట్ గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు.

మూడో అసైన్‌మెంట్: ఒప్పించడం

నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఎక్కువ సమయం తిన్నది కూడా ఇదే.

ప్రశ్న: "మీకు ఇబ్బంది కలిగిస్తున్న ఒక విషయాన్ని ఎంచుకోండి. దాన్ని మార్చగల అధికారం ఉన్న వ్యక్తికి 700 మాటల్లో ఉత్తరం రాయండి." విషయాలు తెమ్మంటే మొదట వచ్చినవి నిరుద్యోగం, అవినీతి, వాతావరణ మార్పు. ఉత్తరం ఎవరికి అంటే ప్రధానమంత్రికి. అంత పెద్ద విషయం మీద 700 మాటలు రాస్తే మళ్ళీ 'నేటి ఆధునిక సమాజం' దగ్గరికే చేరతాం. ఇంకో షరతు కలిపాను: మీరడిగేది ఒక్క సంతకంతో అయ్యే పని కావాలి. ఎవరి సంతకమో ఉత్తరం మొదట్లో ఉండాలి.

ఈ ఒక్క వాక్యంతో విషయాలన్నీ నేల మీదకి దిగాయి. లైబ్రరీ వేళలు, ల్యాబ్‌లో పనిచేయని కంప్యూటర్లు, ఫీజు గడువు, పరీక్షల మధ్య ఒక్కరోజైనా ఖాళీ. నిరుద్యోగం అన్న అబ్బాయి చివరికి కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌కి, ఇంటర్వ్యూ తేదీలు కనీసం రెండు వారాల ముందు నోటీసు బోర్డులో పెట్టమని రాశాడు. నిరుద్యోగం మీద నేను చదివిన విద్యార్థి రాతల్లో అదే మంచిది.

వాదన నిర్మాణానికి 1958లో స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్వవేత్త ఇచ్చిన నమూనా వాడాను, పేర్లు మాత్రం తేలిక చేసి: అడిగేది, చూపించేది, రెంటినీ కలిపేది. లైబ్రరీ రాత్రి తొమ్మిది దాకా తెరవాలి, ఇది అడిగేది. సాయంత్రం ఐదు దాటాక చదువుకునే చోటు లేక పిల్లలు మెట్ల మీద కూర్చుంటున్నారు, ఇది చూపించేది. ఇక్కడిదాకా అందరూ రాస్తారు. రెంటినీ కలిపే మాట, అంటే చదువుకోడానికి చోటు చూపించడం కాలేజీ బాధ్యత అన్నది, ఎవరూ పైకి రాయరు. అది అందరికీ తెలిసిందే అనుకుంటారు. చదివే అధికారి సరిగ్గా అక్కడే "బాధ్యత క్లాసులు జరిపేదాకానే" అంటే వాదన మొత్తం కూలిపోతుంది.

అందుకని క్లాసులో ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి, నువ్వే ప్రిన్సిపల్, ఉత్తరం రాసినవాళ్ళు వచ్చి అడుగుతారు, ఒప్పుకోకు అన్నాను. లైబ్రరీ వేళల మీద ఉత్తరం రాసిన అమ్మాయి వెళ్ళి అడిగింది. కుర్చీలో అబ్బాయి అచ్చం పెద్దమనిషిలా, "సరేనమ్మా, ఆ నాలుగు గంటలూ కూర్చునే స్టాఫ్‌కి జీతం ఎవరిస్తారు?" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. ఆమె నవ్వలేదు. మర్నాడు తెచ్చిన డ్రాఫ్టులో కొత్త పేరా ఉంది: లైబ్రరీ మొత్తం అక్కర్లేదు, పుస్తకాలు లేని రీడింగ్ హాలు ఒక్కటి తెరిస్తే చాలు, దానికి రాత్రి ఉండే వాచ్‌మన్ సరిపోతాడు. అడిగేదే మారిపోయింది. ఎదుటివాళ్ళ అభ్యంతరం అంటే చివర్లో "కొందరు వ్యతిరేకించవచ్చు, కానీ" అని పెట్టే తంతు అనుకునేవాళ్ళకి, అది అడిగే విషయాన్నే మార్చగలదని ఆ గంటలో తెలిసింది.

ఒకరిదొకరు చదివేటప్పుడు "బాగుంది" అన్న మాట నిషేధించాను. కాగితం మీద మూడే ప్రశ్నలు. ఈ ఉత్తరం ఏం అడుగుతోంది? ఎక్కడ ఆగి మళ్ళీ చదవాల్సొచ్చింది, అక్కడ గీత గీయి. ఈ ఉత్తరం నీకే వస్తే ఏం అడ్డుచెబుతావు? మొహమాటం ఇంకా ఉంది, ముఖ్యంగా రూమ్మేట్ల మధ్య. అయినా రెండో ప్రశ్నకి మొహమాటం అడ్డు రావడం లేదు, గీత గీయడంలో ఎవరినీ అన్నట్టు ఉండదు కదా.

తిరగరాయడం

1980లో నాన్సీ సోమర్స్ అనే రచనా బోధన పరిశోధకురాలు 20 మంది మొదటి ఏడాది విద్యార్థుల్నీ, 20 మంది అనుభవమున్న రచయితల్నీ పోల్చి చూసింది. విద్యార్థులకి తిరగరాయడమంటే మాటలు మార్చడం. అనుభవమున్నవాళ్ళకి తమ వాదనకి రూపం వెతుక్కోవడం. నా క్లాసులో రెండో డ్రాఫ్టులు చూస్తే సరిగ్గా అదే. 'చాలా' బదులు 'మిక్కిలి', 'సమస్య' బదులు 'ఇబ్బంది'.

కాబట్టి రెండో డ్రాఫ్టుతో పాటు సగం పేజీ చీటీ కూడా ఇవ్వాలి: ఏం తీసేశారు, ఏం జరిపారు, ఏం కొత్తగా కలిపారు, ఎందుకు. మాట మార్పులు లెక్కలోకి రావు. మొదట్లో "ఏమీ తీయలేదు మేడమ్, అంతా అవసరమే" అన్నారు. ఒక పేరా తీసేసి చదివి చూడండి, ఎవరికైనా లోటు తెలిస్తే మళ్ళీ పెట్టుకోండి అన్నాను. చాలామంది మళ్ళీ పెట్టుకోలేదు.

మార్కులు: 25లో అడిగేది, ఆధారం, చదివేవాళ్ళ మీద ధ్యాస కలిపి 15, తిరగరాతకి 6, భాషకి 4. పది గళ్ళ రూబ్రిక్, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక, ఇమ్మని సహోద్యోగి ఒకాయన సలహా ఇచ్చారు. గళ్ళు ఎక్కువైతే పిల్లలు చదివేవాళ్ళకి కాకుండా గళ్ళకి రాస్తారని నా భయం. భాషకి నాలుగేనా అని ఆయన ఇంకా సణుగుతూనే ఉన్నారు.

నాలుగో అసైన్‌మెంట్: ఇప్పుడు నడుస్తున్నది

ఆధారాలు చూపిస్తూ రాసే వ్యాసం ఇదే. ఒకేసారి అడిగితే ఆఖరి రాత్రి కాపీ పేస్ట్ తప్పదు. ముక్కలుగా విడగొట్టాను: ముందు ఒక ప్రశ్న, తర్వాత మూడు ఆధారాల మీద నోట్స్, తర్వాత పట్టిక, తర్వాత డ్రాఫ్ట్. ప్రతి ముక్కకీ కొన్ని మార్కులు. ప్రశ్నకి షరతు, జవాబు ముందే తెలిసి ఉండకూడదు. "మొబైల్ వాడకం హానికరమా?" అన్నది ప్రశ్న రూపంలో ఉన్న తీర్పు. "రాత్రి పడుకునే ముందు ఫోన్ చూడటం నిద్రని ఎలా మారుస్తుంది, ఆధారాలు ఎంత గట్టివి?" అంటే వెతకొచ్చు.

పట్టిక ఎందుకు పెట్టాల్సొచ్చిందంటే, ముందే రాసేసిన ఒకరిద్దరి డ్రాఫ్టులు చూశాను. మొదటి పేరాలో మొదటి ఆధారం, రెండో పేరాలో రెండోది, మూడో పేరాలో మూడోది. తనకి ఏ వరసలో దొరికాయో ఆ వరసలోనే పెట్టడం. లిండా ఫ్లవర్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1979లో దీన్ని రచయిత కోసం రాసుకున్న రాత అంది, చదివేవాళ్ళ కోసం రాసిన దాని నుంచి వేరుచేస్తూ. మొదటి అసైన్‌మెంట్‌లో నోట్స్ వ్యాసంలోకి రాలేదని నేనే షరతు పెట్టాను, ఇక్కడ నోట్సే వ్యాసమై కూర్చుంది.

పట్టికలో అడ్డంగా ఉపప్రశ్నలు, నిలువుగా ఆధారాలు. ప్రతి గడిలో ఆ ఆధారం ఆ ఉపప్రశ్నకి ఏం చెప్తోందో ఒక్క వాక్యం. ఏమీ చెప్పకపోతే గడి ఖాళీగా ఉంచాలి, అల్లి నింపకూడదు. తర్వాత డ్రాఫ్ట్ అడ్డవరసల ప్రకారం రాయాలి. అలా రాస్తే ఒక పేరాలోనే ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, అప్పుడు రాసేవాళ్ళు నోరు విప్పక తప్పదు. ఇప్పటిదాకా వచ్చిన పట్టికల్లో ఖాళీ గళ్ళే నాకు నచ్చాయి. ఒకమ్మాయి ఒక అడ్డవరస మొత్తం ఖాళీగా వదిలి, పక్కన "దీని గురించి ఎవరూ మాట్లాడలేదు, ప్రశ్న మార్చుకోవచ్చా?" అని పెన్సిల్‌తో రాసింది. మార్చుకోమన్నాను. గడువు మూడు రోజులు పెంచాను కూడా, తనొక్కదానికే కాదు, ప్రశ్న మార్చుకునే అందరికీ.

మిగిలిన పనులు: ఆధారాలు ఉదహరించే తీరు మీద ఒకే పేజీ నమూనా తయారుచేయాలి, పిల్లల పట్టికల్లోంచే రెండు అడిగి తీసుకుని క్లాసులో చూపించాలి. భాషకిచ్చే మార్కులు వచ్చే సెమిస్టర్‌కి 5 చేస్తానని సహోద్యోగికి మాటిచ్చాను, ఆ ఒక్కటీ తిరగరాత నుంచి తీయకుండా ఎక్కడి నుంచి తేవాలో చూడాలి.